అక్క పాదాలకు తెలిసిన మేడ

కమానుల మేడను కాపాడింది నువ్వేనటగా అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు రోడ్డు మీద నిలబడి చూస్తారు. ముందు వరసగా కమానులు, తెల్లటి సున్నం గోడలు, పాతకాలపు కిటికీలు, వెనక నుంచి పైకి లేచిన అద్దాల ఆఫీసు భవనం. పాతదీ కొత్తదీ ఎంత బాగా ఒదిగిపోయాయో అంటారు. అననీయండి. నేను మిషను మీద తల వంచుకుని నా కుట్టు నేను కుట్టుకుంటాను.

ఆ మేడలో కింది వరసలో నాది టైలరు కొట్టు. పై వరసలో, సరిగ్గా నా నెత్తి మీద, మా అక్క గది. ముందు సగం పని, వెనక సగం పడక. ఆ గదిలోనే మా నాన్న పేము కుర్చీలు అల్లేవాడు. అక్కకు ఊహ తెలియకముందే జ్వరం వచ్చి చూపు పోయింది. ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక నాన్న తనతో పాటు పనికి తీసుకుపోయేవాడు. నేను బడిలో ఎక్కాలు అప్పజెప్పే వయసుకు అక్క కుర్చీ సీటు మొత్తం అల్లేసేది. నానబెట్టిన పేము బద్దను చట్రం బెజ్జంలో దూర్చడం, లాగి బిగించడం, ఊడకుండా చిన్న పుల్ల దిగ్గొట్టడం, పక్క బెజ్జానికి పోవడం. చూపున్న నాకే ఆ వేళ్ళ వేగం అందేది కాదు. నాన్న పోయాక ఆ గది అక్కదయింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "నన్ను చూడ్డానికి వచ్చినవాణ్ణి నేను చూడొద్దా?" అని నవ్వేసి ఊరుకునేది.

మేడ లోపల అక్క చేతికర్ర వాడగా నేనెప్పుడూ చూడలేదు. కర్ర రోడ్డు మీదికే. గుమ్మంలోకి రాగానే దాన్ని చంకలో ఇరికించుకుని చకచకా మెట్లెక్కేసేది. ఎన్ని తరాల కాళ్ళు తొక్కాయో, ఆ రాతిమెట్లు మధ్యలో గిన్నెల్లా గుంటలు పడి ఉండేవి. ఏ మెట్టు ఎంత అరిగిందో అక్క పాదాలకు తెలుసు. మలుపు దగ్గర గోడ, జనం చెయ్యి ఆనించీ ఆనించీ నున్నబడిపోయింది. ఆ నునుపు వేలికి తగిలితే ఎడమకు తిరగాలి. వరండాలో గడియారాల తాత కొట్టు ముందు ఒక బండ కదిలేది, కాలు పడితే టక్కుమనేది. అది దాటగానే కమానులోంచి గాలి చెంపకు కొట్టేది. ఆ గాలి దాటితే తన గడప.

"మీకు కళ్ళున్నాయి కాబట్టి ఈ మెట్ల మీద తూలుతారే. నాకా బెంగ లేదు," అనేది. నిజమే. అక్కడ బోర్లాపడ్డ వాళ్ళంతా చూపున్నవాళ్ళే, మా ఆయనతో సహా.

ఓనరు ఆ మేడ పడగొట్టేస్తానన్నప్పుడు నేను ఆయన్ను నానా మాటలూ అన్నాను. ఇప్పుడైతే అనను. వానొస్తే పైకప్పు ధార కట్టేది, గోడల్లో మొక్కలు మొలిచాయి, మేము అద్దెలు పెంచనిచ్చేవాళ్ళం కాదు. ఆయన మాత్రం ఎన్నాళ్ళు మోస్తాడు? కానీ ఆ కబురు విన్నరోజు అక్క చేతిలో పేము బద్ద అలాగే ఉండిపోయింది.

"ఇది పోతే నాకు కళ్ళు రెండోసారి పోయినట్టేనే," అంది.

అంతే, నేను నడుం బిగించాను. ఆఫీసుల చుట్టూ తిరిగాను. గడియారాల తాతను, మిగతా అద్దెవాళ్ళను పోగేసి మేడ ముందు కూర్చోబెట్టాను. నా నోటికి జడిసి పెద్ద ఆఫీసరు ఒకాయన వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. అదేమో నాకు తెలియదుగానీ, చివరికి ఒక ఆర్కిటెక్ట్ అమ్మాయి వచ్చింది. పామూ చావకుండా కర్రా విరగకుండా దారి చూపించింది. ముందు మేడ ఉంటుంది, బాగు చేస్తారు. వెనక పెరట్లో ఓనరు ఆఫీసు భవనం కట్టుకుంటాడు. ఆ రాబడితో ఈ మరమ్మతులు. పనయ్యాక ఎవరి గదులు వాళ్ళకు, పాత అద్దెకే. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?

ఆ అమ్మాయి మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, మేడలో ఏమేం పోకుండా చూడాలో చెప్పమంది. గడియారాల తాత కమానులన్నాడు. నేను రంగుటద్దాల కిటికీలన్నాను. ఇంకొకరు గోడల రంగన్నారు. అక్క రాలేదు, ఆ రోజు ఏదో ఆఫీసు కుర్చీలు అప్పజెప్పాలని కూర్చుంది. పైకి వెళ్ళి నేనే అడిగాను.

"నా గది నా గదిలా ఉంటే చాలని చెప్పు," అంది తలెత్తకుండానే.

అదే చెప్పాను. ఆర్కిటెక్ట్ అమ్మాయి తలూపింది. "మేడ కట్టిన మొదటిరోజు ఎలా ఉందో అచ్చం అలాగే చేసిస్తాను ఆంటీ. మెట్లు మాత్రం బాగా అరిగిపోయాయి, పడితే ప్రమాదం. మీ అక్కగారి కోసమే అన్నీ సమంగా కొత్తవి వేయిస్తాను," అంది.

"నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ," అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

పని రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ అక్క మా ఫ్లాటులో ఉంది. మాది ఇల్లని పేరేగానీ అగ్గిపెట్టె. పెళ్ళయినప్పటినుంచి చెప్పులు ఒకచోట విడవడం చేతకాని మా ఆయన, వదిన కాలికి తగులుతాయని వాటిని అరలో పెట్టడం నేర్చుకున్నాడు. అయినా ఏదో ఒకటి తగిలేది. స్టూలు జరిగేది, తలుపు సగం తెరిచి ఉండేది, అక్క నుదురు బొప్పి కట్టేది. లిఫ్టు మీటలన్నీ చేతికి ఒకేలా ఉండేవి. కిందికి దిగాలంటే నేను కావాలి, లేకపోతే మా ఆయన కావాలి. మేడలో పొద్దున్నే బిందె పట్టుకుని తనే నీళ్ళకు దిగే మనిషి, మా ఇంట్లో మంచినీళ్ళడగడానికి కూడా మొహమాటపడేది.

"ఎందుకక్కా అంత బిడియం? నేనేమైనా పరాయిదాన్నా?" అని కసిరాను ఒకరోజు.

"నీ చెయ్యి మెత్తగానే ఉంటుందే. కానీ అది నీ చెయ్యి కదా," అంది.

పనయ్యేదాకా నేను మేడ పక్క సందులో కొట్టు పెట్టుకున్నాను. రోజూ అది కట్టేసి ఇంటికి రాగానే అడిగేది, ఎంతవరకు వచ్చిందని. నేను చెప్పేదాన్ని. పైకప్పు పడింది, సున్నం పని మొదలైంది, కిటికీలకు రంగులు వేశారు. వింటూ వింటూ బాల్కనీలో కూర్చుని అల్లేది. తను తిరిగి వెళ్ళాక నీళ్ళబిందె ఎక్కడ పెట్టుకోవాలో, నాన్న పనిచేసిన చోటే చాప పరుచుకోవాలా కొంచెం గుమ్మం వైపు జరగాలా, అవే ఆలోచనలు. నిద్రలో కూడా నవ్వేది. చూసి నాకు కడుపు నిండిపోయేది.

వెళ్ళే రోజు రానే వచ్చింది. ఆటో దిగి, నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఇంక నీకు సెలవు. నా ఇంటికి నాకు దారి తెలుసు," అని కర్ర చంకలో ఇరికించుకుని గుమ్మం దాటింది.

మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. పాదం అటూ ఇటూ ఆడించింది. సంతోషం పట్టలేక ఆగిందనుకున్నాను. మెల్లిగా ఎక్కింది. మలుపు దగ్గర గోడ మీద చెయ్యి పెట్టింది. గోడంతా ఒకటే కొత్త సున్నం. తిరగాల్సిన చోట తిరగక మూలకు వెళ్ళి భుజం కొట్టుకుంది. నేను గబగబా ఎక్కాను. వరండాలో బండలన్నీ ఊడదీసి మట్టం చేసి పరిచారు, ఒక్కటీ కదల్లేదు. ఏసీ చల్లదనం బయటికి పోకుండా కమానులకు అద్దాలు బిగించారు. గాలి లేదు, రోడ్డు చప్పుడూ లేదు. అక్క తన గది దాటిపోయింది. వరండా చివర అద్దానికి తగిలి నిలబడిపోయింది.

"ఇది ఎవరి భవనమే?" అంది.

నేను నవ్వాను. "రెండేళ్ళకే మర్చిపోయావా? మనదేనక్కా," అని తీసుకొచ్చి గదిలో కూర్చోబెట్టాను. ముందే తెచ్చి పెట్టిన నాన్న కుర్చీలో కూర్చోబెట్టినా పరాయి ఇంట్లో కూర్చున్నట్టు అంచునే కూర్చుంది. లేచి గోడ తడిమింది, తలుపు తడిమింది, వంగి గడప తడిమింది. అన్నీ పదునుగా, నిటారుగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉన్నాయి. మళ్ళీ వచ్చి కూర్చుంది.

"బాగానే కట్టారు," అంది మర్యాదగా. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మన మేడ ఎప్పుడు పడగొట్టారు?"

ఒట్లు పెట్టాను. గొంతు చించుకున్నాను. గడియారాల తాత తన కొట్లోంచి వచ్చాడు.

"నా మాట నమ్ము అమ్మాయ్, ఇదే మేడ. నేను నా పాత చోటనే కూర్చున్నాను," అన్నాడు.

"మీరూ వీళ్ళతో కలిశారా తాతా?" అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "నా కోసం మీరందరూ ఎంత అవస్థ పడుతున్నారో."

ఎవరు చెప్పారో ఆర్కిటెక్ట్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. విషయం విని మొహం పాలిపోయింది. అక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, నాతో ఒకసారి కిందికి రండి," అంది.

కింది హాల్లో, వచ్చేపోయేవాళ్ళు చూడ్డానికని, అరిగిన పాత మెట్టు బండ ఒకటి అద్దాల పెట్టెలో పెట్టారు. ముట్టుకోరాదని రాసి కూడా పెట్టారు. ఆ అమ్మాయే తాళం తెప్పించి అద్దం తీసింది. అక్క రెండు చేతులతో బండను తడిమింది. చెప్పు విడిచి, నా భుజం పట్టుకుని, ఆ గుంటలో పాదం పెట్టింది. సరిగ్గా కుదిరింది. అక్క మొహం విప్పారింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"ఇది మనదే. మలుపు కింద మెట్టు," అంది. తర్వాత ఆ అమ్మాయి గొంతు వచ్చిన వైపు తిరిగింది. "పాతవాటిలో ఇదొక్కటే మిగిలిందా అమ్మా?"

పాపం, ఆ పిల్లకు అబద్ధం చెప్పడం రాదు. "అవునమ్మా. మెట్లలో ఇదొక్కటే ఉంచాం," అంది.

అక్క నా భుజం మీద చెయ్యి నొక్కింది. "చూశావా? ఈ పిల్ల నిజం చెప్పేసింది. నువ్వే చెప్పలేకపోయావు. పద, ఇంటికి పోదాం."

మళ్ళీ మా అగ్గిపెట్టెకే వచ్చాం. ఆ కొత్త భవనంలో నాకేం పని, అంది అక్క. నేను ఊరుకునే రకాన్ని కాదుగా. రోజూ రుజువులు మోసుకొచ్చాను. పక్క కొట్టువాళ్ళను పిలిచి చెప్పించాను. చేతికి తగలని రుజువు అక్కకు రుజువెలా అవుతుంది? చేతికి తగిలేవన్నీ మేమే సమం చేసేశాం. ఒకరోజు విసిగిపోయి, నీది వట్టి మొండితనం అని అరిచేశాను. బాల్కనీలో సగం అల్లిన కుర్చీ అలాగే ఉంది. నానబెట్టిన పేము నీళ్ళలోనే నల్లబడి వాసన కొట్టింది. అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయేది. ఏడ్చేది కాదు. మా ఆయన, "వదినను డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు. డాక్టరేం చేస్తాడు?

ఒక ఆదివారం తల దువ్వుతుంటే తనే మొదలుపెట్టింది.

"నువ్వెందుకు దాస్తున్నావో నాకు తెలుసులే. నేను తట్టుకోలేననేగా. కానీ పోయినవాళ్ళను బతికే ఉన్నారని చెబుతూ కూర్చుంటే, మనిషికి ఏడవడానికి కూడా ఉండదే."

దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. ఎన్ని ఆఫీసులు తిరిగానో, ఎంతమందితో గొడవపడ్డానో, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఈ ఒక్క మనిషి కోసమే చేశాను అదంతా.

"అవునక్కా," అన్నాను. "పడగొట్టేశారు."

అక్క గట్టిగా ఊపిరి వదిలింది. నా వైపు తిరిగి నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఎలా పడగొట్టారు? ముందు ఏది పోయింది?"

చెప్పాను. ముందు పైకప్పు తీశారన్నాను. తర్వాత కమానులు ఒకటొకటే దించారన్నాను. మెట్లు పగలకుండా వచ్చాయన్నాను. నీ గది చివరిదాకా నిలబడే ఉందన్నాను. ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటలు, తడబడకుండా వచ్చాయి.

"నా గది పడేటప్పుడు నువ్వు దగ్గరున్నావా?"

"ఉన్నానక్కా."

"పోనీలే. ఒక్కతే పోలేదు," అంది.

అప్పుడు ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. వెక్కిళ్ళ మధ్యలో నా తల నిమురుతూ, ఊరుకోవే ఊరుకో, అని నన్నే ఓదార్చింది. నేనూ ఏడుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.