వెలిగారం లేని వరస

తమ్ముడు తలుపు తట్టలేదు. వలలు లాగే ఇనుప కొక్కెం సందులో దూర్చి ఒక్క పెట్టున పెకలించాడు. లోపలి గడియ ఊడి ఎగిరొచ్చి సీసాలయ్య చెంపకు తగిలింది. చెయ్యి పెట్టి చూసుకుంటే వేళ్లకు నెత్తురంటింది.

"పక్కకు జరుగు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

భోజనాల వేళ. పరిశోధనశాలలో ఇంకెవరూ లేరు, అది చూసుకునే వచ్చారు. తమ్ముడు క్రిల్ అనే చిట్టి రొయ్యల్ని పట్టే ఓడలో సరంగు. వెనక ఇద్దరున్నారు, తాళ్లు చుట్టే యంత్రం నడిపే పొడుగాయన, ఓడ వంటవాడు. వంటవాడి చేతిలో సుత్తి ఉంది. పట్టుకున్న తీరు చూస్తే, దాన్ని దేనికి తెచ్చాడో అతనికే సరిగా తెలిసినట్టు లేదు.

సీసాలయ్య జరగలేదు. ఆయన వెనక గోడ పొడుగునా అరలు, అరల నిండా సీసాలు. ఇరవై రెండేళ్లుగా వాటిని కనిపెట్టుకుని ఉన్నాడు కాబట్టి రేవులో అందరికీ ఆయన సీసాలయ్యే. ఒక్కో సీసాలో మంచు సముద్రం నుంచి తెచ్చిన నీటి నత్తలు, నువ్వుగింజంత ఉంటాయి. వీపున గాజులాంటి గుల్ల, ఈదడానికి రెండు రెక్కలు. సముద్రం మన పొగనంతా మింగి ఏటేటా పులిసిపోతోంది. ఆ పులుపు ఈ గుల్లల్ని తింటోంది. మొదటి ఏడాది సీసాలో గుల్ల నున్నగా మెరుస్తుంది, పదో ఏడాది సీసాలో బొరియలు కనిపిస్తాయి. నీళ్లు వేడెక్కి క్రిల్ గుంపులు కూడా మంచు అంచుకు తప్పుకున్నాయి. వాటి వెనకే ఓడలూ వెళ్తున్నాయి, తాళ్లు గడ్డకట్టి పెళుసుబారే చోటికి. క్రితం ఏడు అలాంటి తాడొకటి తెగి సీసాలయ్య కొడుకును నడుము దగ్గర కొట్టింది. ఇంటికి తెచ్చినప్పుడు దుప్పటి తియ్యవద్దన్నారు. ఆయన తియ్యలేదు.

ఇప్పుడు అదే ఓడలో, ఇంజను గదిలో, కూతురు పని చేస్తోంది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఓడ ఎల్లుండి బయలుదేరుతుంది. రేపు వేట కమిటీ ఈ గుల్లల్ని చూసి అక్కడ వేటను మూడేళ్లు ఆపేస్తే మాత్రం కదలదు.

"రేపు కమిటీ ముందు పెట్టేవి ఏవి?" అన్నాడు తమ్ముడు.

"ఫొటోలు ఉన్నాయిగా, సీసాలతో ఏం పని?"

"నాకు పాఠం చెప్పకు. ఫొటోలను నమ్మేది లేదని కమిటీవాళ్లు కిందటిసారే అన్నారు. సీసాలు బల్ల మీద ఉండాల్సిందే. ఏవి?"

"నలభై ఇళ్లు, అయ్యా," అన్నాడు వంటవాడు, బతిమాలుతున్నట్టు. "మూడేళ్లు ఏం తినమంటారు? ఈ నత్తల్నా?"

"నీ కొడుకు పోయాడని నలభై పొయ్యిలు ఆర్పేస్తావా?" అన్నాడు తమ్ముడు. "వాణ్ణి ఎత్తుకుని తిప్పినవాణ్ణి నేను. నాకు లేదా ఏడుపు?"

సీసాలయ్య గుండెలో మూడు వారాలుగా ఒక మాట ముల్లులా ఉంది. నత్తలు చెడకుండా సీసాలో పోసే మందు కూడా నిలవుంటే పులుస్తుంది. ఆ పులుపు విరగడానికి ఒక్కో సీసాకు ఒక చెంచా వెలిగారం వెయ్యాలి. కొడుకు చనిపోయిన నెలలో వచ్చిన సీసాలకు ఆయన వెయ్యలేదు. మరిచిపోయాడు. ఇరవై రెండేళ్లలో అదొక్కసారే. ఆ సీసాల్లో గుల్లలు పొరల్లా ఊడిపోతుంటే చూసి పరిశోధనశాల నడిపే డాక్టరమ్మ, "ఒక్క ఏడాదిలో ఇంత నాశనమా!" అని నివేదిక మొదటి పేజీలోనే రాసుకుంది. ఆయనకు అప్పుడే విషయం అర్థమైంది. నోరు విప్పలేదు. ఓడ ఆగితే కూతురు ఒడ్డున ఉంటుంది కదా అనుకున్నాడు.

"కింది వరస," అన్నాడు ఇప్పుడు. "కిందటేడు వచ్చినవి, రేపు పెట్టేవి అవే. కావాలంటే పగలగొట్టుకో. పై వరసలు ముట్టుకోకు. కింది వాటిలో వెలిగారం వెయ్యలేదురా. ఆ గుల్లల్ని తిన్నది సముద్రం కాదు, నా మందు."

తమ్ముడు నవ్వాడు. "చిన్నప్పుడు మిఠాయి ఒక డబ్బాలో దాచి నాకు ఇంకో డబ్బా చూపించేవాడివి. నీ సంగతి నాకు తెలీదా? పై వరసలే పగలగొట్టండ్రా!"

కొక్కెం పై అర మీద పడింది. పదేళ్లు ఒక్కసారిగా నేల మీద పగిలాయి. మందు ఘాటు కళ్లల్లో కారం కొట్టినట్టు లేచింది. సీసాలయ్య తమ్ముడి నడుము పట్టుకున్నాడు. పొడుగాయన ఆయన డొక్కలో తన్నాడు. లోపల ఏదో చిటుక్కుమంది. సీసాలయ్య పడుతూనే ముక్కాలిపీట అందుకుని తమ్ముడి మోకాలి మీద కొట్టాడు. రెండోసారి, మూడోసారి కూడా. ఎవరిని కొడుతున్నాడో తెలిసే కొట్టాడు. కొడుకు పోయినప్పటి నుంచి ఆ చేతులు అందుకే కాచుకుని ఉన్నట్టున్నాయి.

తమ్ముడు కూలబడుతూ అరను పట్టుకు లాగాడు. ఆ అర అతని మీదికే ఒరిగింది. సీసాలు మొహం మీద పగిలాయి.

"కళ్లు! అన్నయ్యా, కళ్లు!"

వంటవాడు సుత్తి పారేసి పరుగెత్తాడు. వెనకే పొడుగాయనా పోయాడు. సీసాలయ్య గాజు పెంకుల మీద మోకాళ్లతో పాకి, తమ్ముణ్ణి మెడ పట్టుకుని కుళాయి దాకా ఈడ్చాడు. తల నీళ్ల కింద పెట్టి అదిమిపట్టాడు. తమ్ముడు గుడ్డిగా పిడిగుద్దులు గుద్దుతూనే ఉన్నాడు.

"రెప్పలు తెరువు వెధవా! తెరువు!"

"చంపేస్తావా నన్ను, అన్నయ్యా!"

"నోరు మూసుకుని కళ్లు తెరువు!"

కాపలావాళ్లు వచ్చి విడదీసేదాకా, పావుగంట సేపు, ఆయన నీళ్లు ఆపలేదు. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమంటూ తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. గుమ్మంలో నిలబడి నేల మీది పెంకులు, తడి, వాటి మధ్య నెత్తుటి మోకాళ్ల జాడలు చూసింది. తరవాత ఆమె కళ్లు కింది అర మీద పడ్డాయి. ఒక్క సీసా కూడా చెక్కుచెదరలేదు.

"ఇవి మిగిలాయి!" అంది, ఆయన భుజం పట్టుకుని. "ఇవి చాలండీ. కమిటీ నోరు మూయించడానికి ఈ ఒక్క వరస చాలు. మీరు ప్రాణాలకు తెగించి కాపాడారు."

"నేను కాపాడలేదమ్మా. వాళ్లకు నేనే చూపించాను. వాళ్లు నమ్మలేదు."

"ఏమిటి?"

ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలో కత్తి దిగినట్టుంది. ఆయన కుళాయి గట్టు పట్టుకుని నిలబడ్డాడు. మౌనంగా ఉంటే చాలు. ఇప్పుడు ఈ గదిలో ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే.

"వాటిలో వెలిగారం లేదు," అన్నాడు. "నేను మరిచిపోయాను. అవి చెల్లవు."

డాక్టరమ్మ చెయ్యి ఆయన భుజం మీంచి జారిపోయింది.

"పైవే సరైనవి. అన్నీ పోయాయి. ఇవీ చెల్లకపోతే రేపు మన చేతిలో ఏమీ ఉండదు. ఓడ ఎల్లుండి బయలుదేరుతుంది. మీకు తెలుస్తోందా?"

"తెలుసమ్మా. మా అమ్మాయి అందులోనే వెళ్తోంది. రాసుకోండి. ఏ నెలలో వచ్చిన సీసాలో చెబుతాను."