మూడో పిల్ల

నాకు అన్నిటికంటే భయం మా కీర్తి చేయి నా చేతిలోంచి జారిపోవడం, బస్టాండులో, తీర్థంలో, రొయ్యల చెరువు గట్టు మీద, అందుకే ఈ మడ అడవి చెక్కబాట ఎక్కగానే మూడేళ్ల పిల్ల మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాను, రెండో చేతిలో మా కుక్క నల్లోడి గొలుసు, గేటు దగ్గర కాపలా ఆశీర్వాదం గారు చెప్పనే చెప్పారు, కుక్కని వదలకండమ్మా, నీటికుక్కలు పిల్లలతో తిరిగే రోజులు, మాది కరవదండీ అన్నాను, కరవక్కర్లేదమ్మా, తరిమితే చాలు అన్నారు, తొమ్మిదిలో బడి మానేసినదాన్ని, ఎవరైనా పాఠం చెబితే నాకు ఉక్రోషం, ఆయన కనుమరుగవగానే గొలుసు విప్పేశాను, కమ్మీ మీంచి చూస్తానంటున్న కీర్తిని రెండు చేతులా ఎత్తుకోవద్దూ.

అమ్మా అదిగో అంది కీర్తి, పాయ ఒడ్డున బురదలో తల్లి నీటికుక్క, వెనకాలే మూడు పిల్లలు, తడిసిన గుడ్డపీలికల్లా, సంబరం పట్టలేక కీర్తి చప్పట్లు కొట్టింది, అయ్యో చప్పట్లు, మా రొయ్యల చెరువు మీద నల్లోడికి అది నేర్పింది నేనే, చప్పట్లు వినపడితే నీటికాకుల మీదికి, నీటికుక్కల మీదికి ఉరకాలని, జీతం లేని కాపలావోడు దొరికాడే నీకు అని మా ఆయన నవ్వేవారు, నల్లోడు దూకేశాడు, రారా, నల్లోడా, రారా, తల్లి ఒకదాన్ని నోట కరుచుకుని పాయలో పడింది, రెండోది వెంటే ఈదింది, మూడోది మడ వేళ్ల సందున చిక్కుకుని కీచుమంటోంది, అవతలి ఒడ్డు నుంచి తల్లి అరుస్తోంది, ఆశీర్వాదం గారు పరిగెత్తుకొచ్చి బురదలో దిగి నల్లోణ్ణి పట్టుకున్నారు, ఆ మూడోదాన్ని కూడా తీసి తల్లికిచ్చేయండి బాబాయిగారూ అని ఏడ్చాను, మనముంటే తల్లి రాదమ్మా, పదండి, గంటలో పోటు ఎక్కి ఆ వేళ్లు మునిగిపోతాయి, ఈలోపే అది వచ్చి పిల్లని తీసుకోవాలి అన్నారు.

ఆటోలో చూశాను, కీర్తి మణికట్టు మీద నా వేళ్ల అచ్చులు ఎర్రగా, నొప్పమ్మా అంటోంది, అయినా వదలలేకపోయాను, అవతలి ఒడ్డున ఆ తల్లికి పట్టుకోవడానికి ఏముంది, నా పిల్ల చేయి జారకూడదని ఇంకో తల్లి పిల్లని జార్చేశాను, నేను మళ్లీ వెళ్లలేను, నా చీర నిండా నల్లోడి వాసన, మీరెవరైనా పొద్దున్నే అటు వెళితే, కుక్కని ఇంటి దగ్గరే కట్టేసి, చప్పుడు చేయకుండా ఒక్కసారి చూడండి, ఆ తల్లి వెంట మూడున్నాయో, రెండేనో.