గొల్యాతు సహోదరుడు

రోహిణీకార్తె మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తమైన బందరు వీథులయందు కాకియైనను నోరు విప్పకుండగా మిషను బంగళాలో తడిపిన వట్టివేళ్ల తడికల చాటున గూర్చున్న వేదగ్రంథానువాదపరిష్కరణసంఘమువారికి మాత్రము చెమటయు వాదమును ఆగకుండెను.

గొల్యాతును చంపినవాడు దావీదని సమూయేలు మొదటి గ్రంథము ఘోషించుచుండగా రెండవదాని హెబ్రీమూలము ఎల్హానాను అను మఱియొకడని చెప్పుచున్నది. ఆ చిక్కు విప్పుటకై కాబోలు తరువాతి కాలమున దినవృత్తాంతముల గ్రంథమును కూర్చినవాడెవడో ఎల్హానానుచేత చచ్చినవాడు గొల్యాతు సహోదరుడని దిద్దెను. హెబ్రీపండితుడైన వేదమణి ఏండ్ల తరబడి తన తరగతిలో ఆ దిద్దినవానిని పిఱికిపందయని నవ్వులపాలు చేయుచుండెను. ఇప్పుడు సంఘమువారా సహోదరుని సమూయేలు గ్రంథమునకును ఎక్కింపనెంచుటచే అతనికి కాలు నిలువకుండెను.

"అయ్యా, మూలమున లేని మాట మనమెట్లు చేర్చుదుము? ఈ గ్రంథమును సమూయేలొక్కడే వ్రాయలేదనియు పలువురి కథలను కూర్చిరనియు ఆ రెండు కథలు పొసగని యతుకే సాక్ష్యము. దానిని కప్పుట మన పనియా?"

అధ్యక్షుడైన వృద్ధగురువు నిత్యానందముగారు కండ్లజోడు తుడుచుకొనుచు, "నీ చదువు గొప్పదే నాయనా, ఎవరు కాదన్నారు? రేపు ఆదివారపు బడిలో పిల్లలు లేచి, గొల్యాతును దావీదు చంపలేదటగదా అయ్యగారూ అంటే నేనేం చెప్పి చావను? మన క్రైస్తవ సంఘం రెండు ముక్కలైపోతుందయ్యా!" అనెను.

చేతులెత్తించిరి. వేదమణి పక్షమున అతని చేయి యొక్కటే లేచెను.

వాదమున నోడినవాడే నిర్ణీతపాఠమును శుద్ధప్రతిలో స్వహస్తమున వ్రాయవలెనని, కక్షలు మిగులకుండుటకై, ఆ సంఘమున నొక కట్టుబాటు కలదు. సంఘమున చేరునాడు మూలమున లేనిదేదియు చేర్చనని ప్రమాణము చేసిన చేతికే కలము వచ్చెను. విసరికొట్టి పోదమా యనుకొనెను. తాను పోయినచో తక్కిన గ్రంథములందెన్ని యతుకులు కప్పబడునో యని అడుగు పడలేదు. ఛీ, యేమి బ్రదుకని తన్ను దాను తిట్టుకొనుచు గొల్యాతు సహోదరునని వ్రాసెను.

సిరా యారకమునుపే అతనికొక యాలోచన తట్టెను. తానిన్నాళ్లు వెక్కిరించిన యా పేరులేని పరిష్కర్తయు నెన్నడో యిట్టి బల్లయొద్ద నొంటరిగా వాదించి యోడినవాడే కాబోలు! వేదమణి తలవంచుకొని మొదటిసారి వానికై కంటతడి పెట్టెను.