ఆకాశం రంగు వరుస

ఇరాన్‌లోని రావర్ ఊళ్ళో షోకత్ గొంతు ఎరగని మగ్గం లేదు. పాడడమే ఆమె పని. అవి పెళ్ళి పాటలూ కావు, లాలిపాటలూ కావు. తివాచీ నమూనా గీసిన గళ్ళ కాగితం ఎదురుగా పెట్టుకుని, ఒక్కో గడి రంగునీ రాగం తీసి చెబుతుంది. "నాలుగు లక్క ఎరుపు, ఒకటి దంతం, పక్కన రెండు ముదురు నీలం..." మగ్గానికి ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ కూర్చుని, ఆ రంగుల ఊలు ముడేసి "వేశాను" అంటారు. నేసేవాళ్ళు కాగితం చూడరు. పువ్వు ఎలా వస్తోందో అడగరు. పాట ఎటు పోతే చేతులు అటు పోవాలి, అంతే. ముప్ఫై నాలుగేళ్ళుగా షోకత్ పాట తప్పింది లేదు. తప్పినా తప్పిందనే ధైర్యం ఎవరికీ లేదంటుంది బతూల్, అది వేరే సంగతి.

బతూల్ పక్కింటావిడ. కుడి చివర కూర్చుని నేస్తుంది. చేతులెంత చురుకో నోరూ అంతే. ఎడమ చివర షోకత్ తమ్ముడి కూతురు గులందామ్, పందొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్లకి కెర్మాన్ నగరం వెళ్ళి యూనివర్సిటీలో ఇంగ్లీషు చదవాలని ఆశ. అందుకు కొంకూర్ అనే ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. పోయినేడు రాసింది. మిగతావన్నీ బాగానే రాసి, తీరా ఇంగ్లీషు మాటల అర్థాల దగ్గర బోల్తా పడింది.

ఈ ఏడు వసంతంలో ఒక పొద్దున అత్త దగ్గర చేరి గడ్డం పట్టుకుంది.

"అత్తా, పుస్తకం తెరిస్తే చాలు నాకు నిద్రొస్తుంది. అదే నువ్వు పాడిందైతే కలలో కూడా మరిచిపోను. ఆ మాటలు కూడా నువ్వే పాడి పెట్టరాదూ?"

"బావుందే! నాకు మన అక్షరాలే రావు, ఇంగ్లీషు పాడాలా?"

"అక్షరాలతో నీకేం పని? పొద్దున్నే ఇరవై మాటలు చెప్తాను. నువ్వు పట్టుకో. రంగుల మధ్యలో ఒక్కోటి వదులు."

"పాడక్కా, పాడు," అంది బతూల్ ఊలు ఉండ చుడుతూ. "మన తివాచీ లండన్ పోతుందంటారుగా, అక్కడ దిగేసరికి దానికి భాష వచ్చి ఉంటుంది."

అలా మొదలైంది. వాళ్ళు నేసేది షోకత్ ఇంటి కింద నేలమాళిగలో. పైకప్పులో ఉన్న గుండ్రటి కంత లోంచి ఎండ దిగి, పగలంతా నెమ్మదిగా గోడ వెంట నడిచేది. ఊలు దుమ్ము అందులో తేలుతూ ఉండేది. "రెండు పిస్తా పచ్చ, ఒకటి దంతం, ఫ్రజైల్ అంటే ముట్టుకుంటే పగిలేది, మూడు లక్క ఎరుపు." రెండు చివరల నుంచీ "వేశాను", "వేశాను". కొన్నాళ్ళకి ఏది రంగో ఏది మాటో తేడా పోయింది. పచ్చ తీగ మీద హెజిటేట్ పూసింది. ముదురు నీలం మూలలో లింగర్ ఒదిగి కూర్చుంది. వెళ్ళాల్సి ఉండీ వెళ్ళబుద్ధి కాక నిలబడడం అని దాని అర్థం గులందామ్ చెప్పినప్పుడు, ఇంత చిన్న మాటలో అంత బెంగ ఎలా పట్టిందా అని షోకత్ ఆ పగలంతా ఆలోచించింది. మధ్యాహ్నం రొట్టె తిని టీ గ్లాసు చేతిలో పట్టుకుని కునుకు తీస్తుంటే, మాటలు ఒకదాని వెనక ఒకటి ఆమె ముందు నుంచి నడిచిపోయేవి. కొన్ని ఆగి పలకరించేవి కూడా. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకి ఇదొక కొత్త లోకం. హాయిగా ఉండేది.

హాయితో పాటు దిగులు కూడా ఉండేది. షోకత్‌కి చూపు తగ్గుతోంది. కాగితం మీద గళ్ళు ఒకదాన్లో ఒకటి కరిగిపోతున్నాయి. సగం వరుసలు ఇప్పటికే జ్ఞాపకం మీద పాడేస్తోంది. ఇంకో రెండేళ్ళు, ఆ తర్వాత ఇంకొకరు పాడాలి. అంత గొంతూ అంత జ్ఞాపకమూ ఊళ్ళో ఉన్నది గులందామ్‌కే. పిల్ల పరీక్ష గెలిస్తే మగ్గం మూగబోతుంది. పరీక్ష పోతే పిల్ల ఇక్కడే ఉంటుంది. ఆ పరీక్ష పోతే బాగుండునని షోకత్‌కి అనిపించేది. అనిపించినందుకు ఒళ్ళంతా సిగ్గేసేది. సిగ్గుపడుతూనే ఇరవై మాటలూ వరసగా పాడేది.

పరీక్ష తొమ్మిది రోజులుందనగా హొరైజన్ అనే మాట వచ్చింది.

"నేలా ఆకాశం కలిసినట్టు దూరంగా గీత కనబడుతుందే, అదత్తా," అంది గులందామ్.

"దానికీ పేరుందా!"

ఎడారి అంచున పుట్టి పెరిగిన మనిషి. రోజూ మేడ మీద బట్టలారేస్తూ ఆ గీతని చూస్తూనే ఉంది. పేరు పెట్టి పిలవాలని ఎన్నడూ తోచలేదు. ఆ మధ్యాహ్నం పాడుతూ ఉండగా ఆ మాట రానే వచ్చింది. నోరు దాన్ని పలికింది గానీ అది అక్కడితో ఆమెని వదల్లేదు. లూత్ ఎడారి కళ్ళముందు పరుచుకుంది. దాని చివర ఆ గీత, గీత అవతల కెర్మాన్, అక్కడ ఏదో కిటికీ దగ్గర పుస్తకం పట్టుకున్న పిల్ల. "ఆకాశం రంగు," అని పాడింది షోకత్. "ఇంకా ఆకాశం రంగు. అంచు దాకా ఆకాశం రంగే."

"వేశాను," అంది బతూల్.

"వేశాను," అంది గులందామ్, కాస్త ఆగి.

రెండో వరుస సగంలో ఉండగా షోకత్‌కి మెలకువ వచ్చినట్టయింది. కాగితం మీద అక్కడ తీగలూ మొగ్గలూ ఉన్నాయి, ఆకాశం లేదు. విప్పమంటే సరిపోయేది, అరగంట పని. ఆమె నోరు తెరిచింది. పని పాడైతే పిల్ల ఆగిపోతుందేమో అన్న ఆలోచన అప్పుడే వచ్చింది, వచ్చి కూర్చుంది. "ఆకాశం రంగు," అని పాడింది మళ్ళీ, ఈసారి తెలిసే.

మూడో రోజున నేసిన భాగాన్ని కిందికి చుట్టడానికి ముగ్గురూ లేచి దూరంగా నిలబడ్డారు. తివాచీకి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తీగలన్నిటినీ కోసుకుంటూ నీలం గీత.

"అమ్మో," అంది బతూల్. "అక్కా, ఇదేంటి? దీని మీద బెత్తెడు నేసేశాం. ఇప్పుడు విప్పి మళ్ళీ నేయాలంటే ఎన్ని రోజులు? వచ్చే వారం తివాచీ కొనే షావుకారు చూడ్డానికొస్తాడు. ముగ్గురం కూర్చున్నా కుదరదు, ఈ పిల్లేమో శుక్రవారం పరీక్షకి పోవాలి!"

గులందామ్ గోడకి చేరగిలబడింది. మొహంలో దిగులు లేదు. అలిసిపోయి ఇల్లు చేరినదానిలా ఉంది.

"నేను పోనులే," అంది. "విప్పుదాం. అత్త కళ్ళు కూడా బాగోలేవు, నాకు తెలియదనుకున్నారా? ఇకనుంచి నేనే పాడతాను."

మూడు నెలలుగా షోకత్ లోలోపల అడుక్కున్నది ఇదే. అడిగినంతా ఒళ్ళో వచ్చి పడింది. పడ్డాక గానీ అదేమిటో తెలియలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల తను ఖాళీ చేసిన స్టూలు మీద కూర్చుని, కళ్ళు పోయేదాకా గళ్ళు లెక్కపెట్టడం ఆమెకి స్పష్టంగా కనబడింది.

"ఏం విప్పేది?" అని గద్దించింది. "తప్పని ఎవరన్నారు? నేనే వేయించాను."

"నువ్వే వేయించావా?" అంది బతూల్.

"పైసగం కింది సగాన్నే తిరగేసి పాడాలి కదా? అక్కడా ఈ గీత వస్తుంది. ఒక్కచోట ఉంటే తప్పు. రెండుచోట్లా ఉంటే నమూనా. షావుకారు అడిగితే షోకత్ కొత్త నమూనా అని చెప్పు. కూర్చోండి."

బతూల్ ఆ నీలం గీతని ఓసారి వేలితో తడిమి, వెళ్ళి తన చోట కూర్చుంది.

శుక్రవారం తెల్లారేసరికి కెర్మాన్ వెళ్ళే మినీబస్సు వీధి మొగలో ఆగి ఉంది. గులందామ్ ఎక్కబోయి వెనక్కి వచ్చింది.

"అత్తా, ఆ వరుస తప్పని వేస్తున్నప్పుడే నాకు తెలుసు. నీ పాట నాకు తెలియదా? అయినా వేశాను. ఈసారి కూడా ఫెయిలైతే ఏ మొహంతో తిరగను? పని పాడైతే ఇంట్లో ఉండిపోవచ్చు కదా అనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "నన్ను తిట్టు."

షోకత్ తిట్టలేదు. ఒప్పుకోవడమంటే ఆమెకి చేతకాని పని. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారీ చేసి ఎరగదు.

"నాకూ సగంలోనే తెలిసింది," అంది. "తెలిసే పాడాను. నిన్ను ఉంచేసుకుందామని."

డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఇద్దరం దొంగలమేనన్నమాట," అంది గులందామ్, ఏడుస్తూ నవ్వుతూ.

"నేను పెద్ద దొంగని. పో, ఎక్కు. నేను మళ్ళీ మనసు మార్చుకునేలోపు పో."

పరీక్షలో ఇంగ్లీషు మాటల్లో రెండే తప్పాయని గులందామ్ తర్వాత చెప్పింది. దానిమ్మలు ఎర్రబడే రోజుల్లో కెర్మాన్‌లో సీటొచ్చింది. పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

తివాచీ పైసగం సాగుతూనే ఉంది. ఇప్పుడు ఇద్దరే; రెండు చివరలూ బతూలే నేసి, అయ్యాక ఒక్కసారి "వేశాను" అంటోంది. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటోంది. పిల్ల లేని లోటు షోకత్‌కి అన్నం దగ్గర కంటే మగ్గం దగ్గరే ఎక్కువ తెలుస్తోంది. శరదృతువు సగమయ్యేసరికి ఆ వరుస రానే వచ్చింది. షోకత్ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆకాశం రంగు," అని పాడింది. "ఇంకా ఆకాశం రంగు."

బతూల్ ముడి వేయకుండా తలెత్తింది. "అక్కా, నన్ను మరీ పిచ్చిదాన్ని చేయకు. ఇది తప్పని నీకూ తెలుసు, నాకూ తెలుసు. షావుకారు వచ్చి చూసి కూడా ఏమీ అనలేదుగా. మామూలుగానే పాడెయ్యరాదూ?"

"లేదే. మొదటిసారి పిల్లని ఆపడానికి పాడాను. ఈసారి వెళ్ళిన పిల్ల కోసం పాడుతున్నాను. పాడనీ."

బతూల్ తన సగం ముడులన్నీ వేసి "వేశాను" అంది. తర్వాత, కూర్చునే చెక్క పలక మీదే జరుగుతూ ఎడమ చివరకి వెళ్ళి గులందామ్ చోట కూర్చుంది. అక్కడి ముడులూ ఒక్కొక్కటీ బిగించి, మళ్ళీ "వేశాను" అంది.

షోకత్ గొంతు సవరించుకుని తర్వాతి వరుస ఎత్తుకుంది.