డోలు మ్రోతలో మునిగిన మాట

శ్రావణమాసపు తొలినాళ్లలో కృష్ణాతీరమున నాకాశ మొక వింత చాంచల్యమును వహించియుండెను. నైరృతి దిక్కునుండి తరలివచ్చిన నీలమేఘములు రేపల్లె పట్టణముపై గొడుగు పట్టినట్లు క్రమ్ముకొని కురియకయు తొలగకయు నూగిసలాడుచుండగా మిట్టమధ్యాహ్నమునకే సందెవేళ వంటి మసక వీథుల నిండ పరచుకొనెను. నారుమళ్ల మీదుగా వీచు గాలి క్షణమొక దిక్కునకు మరలుచు తడికెలను తట్టుచు తలుపులను మూయుచు తెరచుచు గృహస్థుల మనస్సులకు గూడ తన యస్థిరత్వము నంటించుచుండెను.

అట్టి దినమున టెలిఫోను కార్యాలయమునకు సెలవు పెట్టి తన యింటి పడమటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుండిన సాంబమూర్తి చిత్తము ఆ గాలికంటెను చపలమై యుండెను. అతడు నడివయసు దాటినవాడు. మితభాషి. నిలుకడ గలవాడని యూర పేరు గన్నవాడు. అయినను ఆనాడు కంప్యూటరు గర్భమున గిఱ్ఱున తిరుగుచున్న డీవీడీ చేయు సన్నని రొదను వినుచు నొక తడవ లేచి కిటికీ కడకు పోవును. మరల వచ్చి కూర్చుండి తెరపై నింకను ఎంత యెక్కవలసియున్నదో చూచును. ప్రక్కగదిలో మంచముపై పరుండిన తండ్రి యూపిరి నాలకించి మరల లేచును. ఆ పలుచని డీవీడీలో తాను నింపుచున్నది అమృతమో విషమో అతనికే తెలియదు. అతని యలజడి కదియే కారణము.

ఆ తండ్రి పేరు నాగలింగము. గుంటూరు కృష్ణా మండలములలో అతని నాదస్వరము మ్రోగని కల్యాణమంటపము లేదని పెద్దలు చెప్పుకొనెడివారు. ఆషాఢారంభమున పక్షవాతము సోకి యా విద్వాంసుని కుడిభాగము నంతటిని హరించి నాలుకను కట్టివేసి పెదవులను ఒక ప్రక్కకు లాగివేసెను. తెలివి మాత్రము చెడలేదు. విన్నది గ్రహించును. కన్నది గుర్తించును. చెప్పదలచినది చెప్పజాలక కన్నీరు పెట్టుకొనును.

నాగలింగమునకు సాంబమూర్తికంటె పెద్దదియగు కూతురు మాణిక్యాంబ కలదు. అయిదేండ్ల ప్రాయమున విషజ్వరము తగిలి యామె వినికిడి యంతయు నశించెను. లోకమునకెల్ల వీనులవిందు చేయువాని కన్నబిడ్డకు ఆ నాదము లేశమైనను చేరకపోవుట చూచి జాలిపడినవారు పలువురు. ఆ బాలిక మాత్రము జాలికై కాచుకొనియుండక ఎదుటివారి పెదవుల కదలికనుబట్టి మాటలు గ్రహించు విద్యను తనంత తాను సాధించెను. బిడ్డకు తెలియవలెనని యక్షరమక్షరమును విడదీసి పెదవులను నిదానముగా కదల్చుచు మాటలాడుట యింటిలో మొదట నలవరచుకొనినవాడు నాగలింగమే. పెద్దయైన పిమ్మట ఆమె బందరులోని యొక బధిర బాలికల పాఠశాలయందు కుట్టుపని నేర్పు నుపాధ్యాయిని యై తనవలెనే వినికిడి లేని వాసుదేవరావును వరించి పెండ్లాడెను.

ఆ పెండ్లినాడే తండ్రీకూతుళ్ల నడుమ మౌనము పుట్టెను. ఊరివారి శుభకార్యములన్నిటికి ఊదిన నాగలింగము కన్నకూతురి పందిటిలో వాద్యమును ముట్టలేదు. చీరాలనుండి వేరొక మేళమును పిలిపించి తాను పెరటివైపు పోయి తలంబ్రాలు ముగిసిన పిదప గాని కానరాలేదు. పెండ్లిపీటలపై కూర్చుండి మాణిక్యాంబ చూచినది పరుల బుగ్గలు పొంగుట. పరుల వ్రేళ్లు వాద్యముపై నాడుట.

“చెవిటిదానికి సన్నాయి యేలయని నాయన తలచినాడు తమ్ముడా” యని యామె ఒక్కమారు సాంబమూర్తితో ననెను. మరల నా ప్రసంగ మెత్తలేదు. క్రమముగా పుట్టింటికి వచ్చుట తగ్గించి తుదకు మానివేసెను. కూతురి ముఖము చూచినంతనే నాగలింగమునకు మాట పెగలదు. మాట పెగలనివాని పెదవులయందు ఆమె చదువదగినది యేమియు నుండదు. ఇట్లు సంవత్సరములు గడచెను.

ఈ యేడు వైశాఖమున సాంబమూర్తి కుమార్తె హైమవతి వివాహము జరిగెను. మేనత్త రాలేదు. ఆమె రాకున్నను పెండ్లి యామె కన్నులకు చేరవలెనని యెంచి సాంబమూర్తి మిక్కిలి స్పష్టముగా బొమ్మలు పట్టు హైడెఫినిషన్ కెమెరాను కొని వేడుకనంతయు స్వహస్తములతో చిత్రించెను. కంప్యూటరు తెరపై చూచినపుడు మామిడితోరణముల యాకుల ఈనెలు సైతము వేరువేరుగ కనబడెను. కాని యక్కయింట నున్నవి పాత టీవీయు దాని క్రింద డీవీడీ యంత్రమును మాత్రమే. కావున నతడు ఆ విశాలమైన బొమ్మలను మామూలు డీవీడీకి సరిపడునట్లు కుదించి యెక్కించి పంపెను. ఇంతలో తండ్రికి జబ్బు చేసెను. ఆ వార్తయు నక్కకు తెలిపెను. ఆమె సెల్‌ఫోనులో బదులు పంపెను.

“తమ్ముడా, కబురు తెలిసి దుఃఖించితిని. వచ్చి యేమి చేయుదును? పెదవులు వంకరపోయిన వానితో నే నేమి మాటలాడుదును? నీవు పంపిన డీవీడీ చూచితిని. ముఖములన్నియు నీటిలో చూచినట్లున్నవి. ఎదురుకోలు వేళ నాయన సూటిగా నా వంక చూచి యేమో చెప్పుచున్నాడు. పెదవులు అలికివేసినట్లున్నవి. ఏమి చెప్పినాడు?”

సాంబమూర్తి విస్మితుడై కెమెరా పట్టిన మూలచిత్రమును తెరచి చూచెను. పందిటిలో డోలు విద్వాంసు లిరువురు పోటీపడి వాయించుచుండిరి. వారి ప్రక్కన జంఖానాపై నాదస్వరము నొడిలో నుంచుకొని కూర్చుండిన నాగలింగము తలయెత్తి కెమెరా కంటిలోనికి చూచి పెదవులు కదల్చుచుండెను. నాదస్వరపు పీక నోట పెట్టుకొనుటకు ముందు పెదవులు తడుపుకొనుచు స్వరములు గొణుగుకొనుచున్నాడని నాడు సాంబమూర్తి తలచెను. నేడు నిదానించి చూడగా నది గొణుగుట కాదు. అక్షరమక్షరమును విడదీసి చెప్పుట. మాణిక్యాంబ పసితనమున నింట వినబడిన యా పలుకుబడియే. అయితే శబ్దమున డోలు మ్రోత తప్ప మరేమియు లేదు. చెవులున్న సాంబమూర్తికి ఆ మాట యందదు. అందదగినది లోకమున నొక్కతెకే.

అది మొదలు అతనికి నిలుకడ తప్పెను. పెండ్లికి ముందటి దినమున “అక్కను మీ రొక్కమారు పిలిచినచో వచ్చును నాయనా” యని తాను వేడుకొనగా “రాకున్న రానిమ్ము. నాకు కూతురే లేదనుకొనెదను” అని తండ్రి కసరుకొనిన మాట జ్ఞప్తికి వచ్చెను. మరునాడు డోలు మ్రోత మాటున పలికినదియు నదియేనేమో. అట్లయిన తన చేతులతో కత్తిని నూరి యక్కకు పంపినట్లగును. కాదేని ఆ మాటను కప్పిపుచ్చుట తండ్రి నోటిని రెండవమారు కట్టివేయుట యగును. నిలువజాలక తండ్రి మంచము కడకు పోయి వంగి యడిగెను.

“నాయనా, హైమ పెండ్లిలో కెమెరా వంక చూచి అక్కతో నేమైన చెప్పితిరా?”

నాగలింగము ఎడమచేతితో కుమారుని మణికట్టును గట్టిగా పట్టుకొనెను. వంకరపోయిన పెదవులనుండి ఆకృతి లేని ధ్వనియొకటి వెలువడెను. అది యోదార్పో యాగ్రహమో వలదను ప్రార్థనయో తెలియలేదు. పట్టిన చేయి మాత్రము చాలసేపు విడువలేదు.

చెప్పవలెనా వలదాయను సందేహము తీరలేదు. అయినను పెదవులు స్పష్టపడునట్లు డీవీడీ చేయు యత్నమున సాంబమూర్తి దిగెను. పెండ్లియంతయు వదలి ఆ చిన్న ఘట్టము నొక్కదానినే శ్రేష్ఠమైన నాణ్యముతో నెక్కించి తన యింటి టీవీలో పెట్టి చూచెను. అప్పటికిని పెదవులు మసకగనే యుండెను. అపుడు గాని యతనికి లోపమెచటనో తోచలేదు. పందిరిని పందిరిగ చూపు పెద్దబొమ్మలో తండ్రి ముఖము నిమ్మపండంత. ఆ బొమ్మనంతటిని డీవీడీ కొలతకు నొక్కివేసినపుడు నిమ్మపండు రేగుపండగును. పెదవులు గీటగును. మాట పోవును. ఇక కుదించి లాభము లేదు. కోయవలసినదే. ఆ విశాలపటమున తండ్రి ముఖమున్న చిన్నభాగమును మాత్రము కత్తిరించి యే మాత్రమును నొక్కక యున్నదున్నట్లు డీవీడీపై పరచినచో ఆ ముఖమే టీవీ నిండ నిలుచును.

కోయుట మాత్రము సులభము కాలేదు. డోలు విద్వాంసులు పోయిరి. తోరణములు పోయెను. ముసిముసినవ్వులతో నా వేళ తాతగారి వెనుకగా నడచిన పెండ్లికూతురు హైమవతి పోయి ఆమె పట్టుచీర యంచు మాత్రము బొమ్మ యోరన మెరసి మాయమయ్యెను. కన్నబిడ్డను తన చేతులతో చట్రము వెలుపలికి నెట్టుచు సాంబమూర్తి ఒక్క క్షణము కన్నులు మూసికొనెను. ఆ మేఘావృతమైన మధ్యాహ్నమున కంప్యూటరులో తిరుగుచున్నది ఆ కోసిన డీవీడీయే.

రొద యాగెను. వెచ్చగానున్న డీవీడీని పెట్టెలో నుంచి యతడు దానిని టపాకు వేయలేదు. ఆ మాట కఠినమైనచో నక్క దానిని చదువువేళ తోడుండవలెనని తలచి తండ్రిని భార్యకు అప్పగించి బందరు పోవు బస్సెక్కెను. పెనుమూడి వంతెనపై బస్సు సాగునపుడు క్రింద కృష్ణ గాలికి చెదరి పలువన్నెలు మారుచుండెను. సాంబమూర్తి యా వంక చూడలేదు. చొక్కాలోపల నుంచిన పెట్టెను మాటిమాటికి తడవి చూచుకొనుచు నొకపరి యవనిగడ్డలో దిగి వెనుకకు మరలుదమా యని కూడ తలచెను. దిగలేదు.

మాణిక్యాంబ కుట్టుమిషను ముందునుండి లేచి తమ్ముని ముఖము చూచెను. ఎత్తుపల్లములు లేని యామె కంఠస్వరమున నడిగెను.

“నాయన పోయినాడా?”

“లేదక్కా. నీ వడిగిన మాటను తెచ్చితిని. అదేమో నాకు తెలియదు. మంచిది కాకపోవచ్చును.”

“నా మాటను నాకు చూపుము” అని యామె టీవీ ముందు కూర్చుండెను.

తెర నిండ నాగలింగము ముఖము నిలిచెను. నుదుటి విభూతి రేఖలు, చెంపల నరసిన వెండ్రుకలు, వంకరపోవకముందటి యా నిండు పెదవులు. గదిలో డోలు మ్రోత పెల్లుబికెను. దానికి తత్తరపడినవాడు సాంబమూర్తి యొక్కడే. మాణిక్యాంబ మొదటిమారు కదలక చూచెను. మరల పెట్టుమని చేయి యాడించి రెండవమారు ముందునకు వంగి చూచెను. ఆ మీదట చూచునపుడు తండ్రి పెదవులతోబాటు ఆమె పెదవులును కదలసాగెను. ఆ కదలికకు మెల్లగా కంఠము తోడయ్యెను. పందిటిలో డోళ్లు మింగివేసిన తండ్రి మాటను సాంబమూర్తి తొలిసారిగా నక్క గొంతున వినెను.

“మాణిక్యమా. ఈ మ్రోతలో నా మాట యెవ్వరికిని వినబడదు. నీవు చూచెదవు. నీ పెండ్లినాడు పీక నోట పెట్టుకొంటిని. ఊపిరి రాలేదు. లోకమంతయు విను పాట నీవు వినవుగదా యని తోచెను. గడ్డివామి వెనుక కూర్చుండి యేడ్చితిని. చెప్ప సిగ్గుపడితిని. నీవు వేరుగ తలచినావు. తప్పు నాది.”

ఆమె యాగెను. తెరపై నాగలింగము పీకను పెదవుల నడుమ నుంచుకొనెను. ఇంకను ఏదో చెప్పబోయినట్లు కన్నులు మాత్రము కెమెరాను వదలలేదు. ఆపై చదువుటకు పెదవులు లేవు.

సాంబమూర్తి ముఖము త్రిప్పుకొని కండువాతో కన్నులు తుడుచుకొనెను. మాణిక్యాంబ యేడువలేదు. లేచి మిషనుపైనున్న సగము కుట్టిన రవికను మడతపెట్టి సూది తీసి పెట్టెలో వేసి భర్తకు చేతులతో నేమో చెప్పి లోనికి పోయి రెండు చీరలు సంచిలో సర్దుకొని వచ్చెను.

“రేపల్లె బస్సెప్పుడు?” అని మాత్ర మడిగెను.

కూతురు గడపలో నిలుచుట చూచి నాగలింగము లేవజూచెను. లేవలేకపోయెను. పెదవులు పెనుగులాడెను. ఆమె వాని వంక రెప్పవేయక చూచెను. ఆ వంకరలో నొక్క యక్షరమును పోల్చరాకపోయెను. ఆమెకు తెలియలేదని గ్రహించి యా వృద్ధుడు సిగ్గుతో గోడవైపు తిరిగిపోయెను. మరల నదియే మౌనము వచ్చి నడుమ కూర్చుండబోవుచున్నదని సాంబమూర్తి భయపడెను.

మాణిక్యాంబ మంచముపట్టెపై కూర్చుండి తండ్రి యెడమచేతిని తన యొడిలోనికి తీసికొనెను. తన పాఠశాలలో పసిపిల్లలకు చేతిసైగలు నేర్పునట్లు వాని బొటనవ్రేలిని మడచి నోటికడకు చేర్చి చెంబులోని నీటిని చూపెను. మరల చేయించెను. నీరు. పిదప మరియొక ముద్ర. ఆకలి. మరియొకటి. నొప్పి. పసితనమున తనకై యొకడు పెదవులను నిదానించినట్లే యామె ఇప్పుడు వ్రేళ్లను నిదానించెను. జన్మమంతయు వాద్యరంధ్రములపై స్వరములను మూయుచు తెరచుచు వచ్చిన వ్రేళ్లు గనుక వానికి నేర్పుట కష్టము కాలేదు. భాద్రపదము వచ్చునప్పటికి తండ్రీకూతుళ్లు దినమంతయు చేతులతో మాటలాడుకొనుచుండిరి. ఒకనాటి యుదయమున నాగలింగము ఎడమచేయి చాలసేపు గాలిలో నాడెను. మాణిక్యాంబ కొంగు నోట నదుముకొని నవ్వెను.

ద్వారమున నిలిచిన సాంబమూర్తి “ఏమనుచున్నాడక్కా?” యని యడిగెను.

“మా మాట మాది తమ్ముడా. నీకు వలసినచో నేర్చుకొనుము” అని యామె బదులిచ్చి మరల తండ్రి చేతి వంక తిరిగెను.

రెండు చెవులు నిండుగా నుండియు ఆ సంభాషణమునకు వెలియై నిలిచిన సాంబమూర్తి చిన్నబుచ్చుకొనలేదు. పలునాళ్ల తరువాత నతని మనస్సు కుదుటబడెను. కృష్ణానది నంతటిని ఉద్ధరిణిలో నిమిడించుట యెవ్వరి తరమును కాదు. అయినను ప్రాణము దప్పిగొన్నవేళ పెదవికి చేర్చిన యా ఉద్ధరిణెడు జలమే తీర్థమగును.