పార కర్రకు వార్నిష్

తెల్లారితే నా కళాప్రదర్శన. గోడంతా మా పాత పొలం మట్టి పూసి, దాని మీద నాన్న పార ఒక్కటే వేలాడదీయాలని నా ఆలోచన. నాకు కావలసింది ఇనుము కాదు, కర్ర. నాన్న పట్టుకున్న చోట అరిగి, గుంట పడి, చెమటకు నల్లబడిన కర్ర. పొలం అమ్మేసి నాన్న మా అన్నయ్య దగ్గర చేరాక మాకు మిగిలింది అదొక్కటే.

నాన్నే స్వయంగా పట్టుకొచ్చి, చుట్టిన దుప్పటి విప్పాడు. నా ప్రాణం ఉసూరుమంది. కర్రంతా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ కొట్టాడు. అద్దంలా మెరుస్తోంది.

"ఎవరు చెయ్యమన్నారు నాన్నా నిన్ను?" అని గయ్యిమన్నాను.

నాన్న బిక్కమొహం వేశాడు. "నలుగురూ చూసేచోట పెడతానన్నావుగా. మాసిందాన్ని పెడితే నీ పరువేం కాను?"

"నాకు కావలసింది నీ చేతి గుర్తు! ఉత్త కర్ర ఎవరిక్కావాలి?"

"ఆ మాట ముందే చెప్పొద్దూ?" అని తల గోక్కున్నాడు. అంతలోనే మొహం వెలిగింది. "దానికేముందే, చెయ్యి ఇక్కడే ఉందిగా. అచ్చు తీసుకో."

ప్లాస్టర్ కలిపి, నాన్న చాపిన అరచేతిని నా చేతిలోకి తీసుకున్నాను. చిన్నప్పుడు బుగ్గ నిమిరితే గీసుకుపోయే చెయ్యి అది. ఇప్పుడు వెతికినా ఒక్క కాయ లేదు. వార్నిష్ కొట్టిన ఆ కర్రకన్నా నున్నగా ఉంది.