వెనక తలుపు తాళం

తనిఖీ రోజున మా కుట్టు షెడ్డును గుర్తుపట్టలేం. ఎర్ర బకెట్లలో ఇసుక పోస్తారు. మందుల పెట్టెలో దూది, కట్టుగుడ్డలు పెడతారు. మూడొందల మంది ఆడవాళ్ళ ముక్కులకు కొత్త మాస్కులు కట్టిస్తారు. వెనక తలుపు తాళం తీస్తారు. తనిఖీ మనిషి బండి మలుపు తిరగ్గానే మాస్కులు లాక్కుంటారు, తాళం మళ్ళీ పడుతుంది. తీసేదీ వేసేదీ నేనే. కాపలావాణ్ణి.

అక్కడ కుట్టేది చలికోట్లు. లోపల పీచు కూరిన దళసరి కోట్లు. మా దగ్గర చలికాలంలో ఒక దుప్పటే ఎక్కువ. అలాంటి చోట, కాలే రేకుల కింద కూచుని, చెమట బట్టకు అంటకుండా మణికట్టుకు గుడ్డ చుట్టుకుని, మంచు కురిసే దేశాల వాళ్ళకు కుడతారు.

షెడ్డు రావడమే తప్పనను. మా వదిన నాలుగో వరసలో జేబులు కుడుతుంది. షెడ్డు రాకముందు, మా అన్న ఇంట్లో ఉండగా ఆవిడ కుర్చీలో కూచోవడం నేను చూడలేదు. ఇప్పుడు పని నుంచి వచ్చి, కాళ్ళు చాపుకుని, "ఏమయ్యా, మంచినీళ్ళు" అంటుంది. అన్న లేచి తెస్తాడు. ఎక్కడి దేశంవాళ్ళో ఇచ్చిన ఆర్డరు చేసిన పని అది.

కిందటి వారం ముందు తలుపు పక్కనున్న ఇస్త్రీ బల్ల దగ్గర పీచుకు నిప్పంటుకుంది. మంట కొంచెమే, పొగే ఎక్కువ. అందరూ వెనక తలుపు మీద పడ్డారు. తాళం. కోట్లు ఎవరైనా దాటించేస్తారని, గాలికి బయటికెళ్ళినవాళ్ళు త్వరగా రారని, మేనేజరు అది వేసే ఉంచమంటాడు. నేను ముందు గేటు నుంచి చుట్టూ పరిగెత్తేసరికి లోపల చేతులు తలుపును బాదుతున్నాయి. తీశాను. ఆ తోపులాటలో వదిన వేలు తలుపు సందులో పడి నలిగింది.

"ఎవరూ చావలేదుగా, గబగబా కూచోండి" అన్నాడు మేనేజరు. ఆయనకు అన్నీ గబగబానే. ఆడవాళ్ళు చాటుగా గబగబ సారు అంటారు.

ఆ బాదుడు నా చెవుల్లోంచి పోలేదు. మొన్న మళ్ళీ తనిఖీ అన్నారు. పొద్దున గేటు దగ్గర వదినను ఆపాను.

"ఇవాళ తాళం తీయను వదినా. ఉన్నదున్నట్టు చూడనీ."

"చూస్తే ఆర్డరు పోతుంది మరిదీ. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతావు, అందులో ఒకటి ఇవాళే ఖర్చు పెట్టాలా?"

"నీ వేలు..."

"వేలూ నాదే, కూడూ నాదే. నోరు మూసుకుని తాళం తీయి."

తీయలేదు.

తనిఖీ మనిషి వచ్చాడు. మన భాషే మాట్లాడతాడు. ఫోటోలు తీసి ఆర్డరిచ్చిన దేశానికి పంపడం ఆయన పని. వెనక తలుపు దగ్గర ఆగాడు. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమయ్యా, తాళం ఏంటి?"

"రోజూ ఉండేదేగా సార్" అన్నాను.

తనిఖీ మనిషి నన్ను చూడలేదు. వాచీ చూసుకున్నాడు. "తీయించండి, ఫోటో తీసుకుంటా. నాకింకా మూడు చోట్ల పనుంది."

ఒళ్ళు మండిపోయింది. "ఉన్నదున్నట్టే ఫోటో తీయండి. వాళ్ళకు తెలియనీయండి."

"తెలిస్తే రేపే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది" అన్నాడు, పిల్లవాడికి చెప్పినట్టు. "అక్కడ అసలు తలుపే ఉండదేమో. అప్పుడు ఈ మూడొందల మందీ నీ ఇంటి మీదకే వస్తారు."

ఆ మాట నిజమే. అదే మరీ మంట.

వదిన మిషను మీద నుంచి లేచి వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి చాపింది. "తాళంచెవి ఇటివ్వు."

ఇచ్చాను. ఆవిడ మొహం చూడలేకపోయాను. తలుపు బార్లా తీసింది. ఆయన ఫోటో తీసుకున్నాడు. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.

వదిన కదల్లేదు. మిషన్లు బాగుచేసే మెకానిక్కును కేకేసింది. "తమ్ముడూ, స్క్రూడ్రైవరు పట్టుకురా. ఈ తలుపు ఊడదియ్యి."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మేనేజరు.

"ఫోటోలో తెరిచే ఉందిగా సార్, ఇక మూసే పనేముంది?"

"ఆర్డరు పోతే ఏం తింటావే?"

"పోకూడదనే ఫోటో తీయించా. ప్రాణం కూడా పోకూడదని తలుపు తీయిస్తున్నా. సాయంత్రం కంటెయినరు రేవుకు పోవాలన్నారు కదా. జేబుల్లేని కోట్లు పంపుతారా? గబగబా చెప్పండి."

నాలుగో వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత ఆ వరస మిషన్లు ఆగాయి. మూడో వరస. రెండు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తనిఖీ మనిషి ఫోను జేబులో పెట్టుకుని, "ఇది మీ ఇంటి గొడవ" అని వెళ్ళిపోయాడు.

ఓడ ఎవరి కోసమూ ఆగదని నాలుగేళ్ళుగా వీళ్ళను హడలగొట్టింది ఆ మేనేజరే. ఇప్పుడు గోడ గడియారం చూసి ఆయనే చెమటలు కక్కాడు. చివరికి మెకానిక్కుకు చెయ్యి ఊపాడు. ఆరు మరలు. తలుపును నలుగురు మోసుకెళ్ళి పెరట్లో పడేశారు.

కోపమంతా నా మీద తీర్చుకున్నాడు. "నువ్వు రేపట్నుంచి రాకు."

వదిన అప్పటికే మిషను ముందు కూచుంది. నా వైపు చూసింది, కానీ లేవలేదు. మళ్ళీ మిషన్లు ఆపమంటే ఎవరూ ఆపరని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఇంటికి పో మరిదీ" అంది, దారం పంటితో కొరుకుతూ. "రేపట్నుంచి నేను రెండు పూటలూ కుడతా. మీ అన్నకు చెప్పు."

తలుపు లేని ద్వారంలోంచే బయటికి వచ్చాను. నా పక్కనుంచి పీచు గాలికి ఎగిరిపోతోంది. దూరదేశంలో ఎవరో ఆ ఫోటో చూసి తృప్తిగా తలూపి ఉంటారు. ఇప్పుడది అబద్ధం కూడా కాదు.